కూతురికి వియన్నా, తల్లికి నాందేడ్

డోంగ్లి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తెలియని వాళ్ల కోసం చెబుతాను. డోంగ్లి కామారెడ్డి జిల్లాలో, మహారాష్ట్ర సరిహద్దు పక్కనే ఉన్న ఊరు. ముందు మద్నూరు మండలంలో ఉండేది, 2022లో తనే మండలం అయింది. ఆ ఊరికి రైలు లేదు. ఆవిడ వయసు నలభై ఏడు. పేరు వేయొద్దన్నారు, వేయను. సంగతి మాత్రం చెప్పొచ్చన్నారు.

వాళ్లమ్మాయి జర్మనీలో చదువుకుంటోంది. మొన్న సెలవుల్లో భుజాన ఒక సంచీ వేసుకుని, ఒక్కతే, రైల్లో ప్రాగ్, వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్ చూసొచ్చిందట. ఆరు రోజులు, నాలుగు నగరాలు. ఇంట్లో అందరూ మురిసిపోయారు. తండ్రి ఆ ఫోటోలు చావడిలో కూర్చున్న వాళ్లందరికీ చూపించాడు. "మా పిల్ల ఎంత ధైర్యం గలదో చూడండి" అన్నాడు. అందులో తప్పేముంది? మురిసిపోవలసిన విషయమే.

ఆ రాత్రి అన్నాలు తింటున్నప్పుడు ఈవిడ ఒక మాట అన్నారట. "నాకూ ఒక్కదాన్నే అట్ల రైల్ల పోయి నాందేడ్, ఔరంగాబాద్ చూసి రావాలనుంది, అయిదు రోజులు" అని. అంతే, కంచాల దగ్గర చప్పుడు ఆగిపోయింది. "ఎవరింటికి?" అన్నాడు భర్త. "ఏమన్న మొక్కున్నదా?" అంది అత్తగారు. "దసరాకు కారుల తీస్కపోత తియ్యమ్మా" అన్నాడు కొడుకు. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ కాదనలేదు. కానీ ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. "నేను అడగరానిది అడిగానా?" అన్నది ఆవిడ ప్రశ్న.

ఈ వారం దీని గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే ఇలాంటి కోరిక ఒక్క డోంగ్లి సోదరికే కాదు, మనలో చాలామందికి ఉంటుంది. బయటికి చెప్పం, అంతే.

మనం ప్రయాణాలు చేయమని ఎవరన్నారు? చేస్తూనే ఉంటాం. కూతురి కాన్పుకు వెళ్తాం. ఆడపడుచు ఇంట్లో పెళ్లికి నాలుగు రోజుల ముందే వెళ్లి పిండివంటలకు కూర్చుంటాం. ఎవరో ఆసుపత్రిలో ఉంటే పక్కన పడుకోవడానికి ఒక్కరమే రాత్రి బస్సెక్కి వెళ్తాం. అప్పుడు "ఒక్కదానివే ఎట్ల పోతవ్?" అని ఎవరూ అడగరు. గమనించారా? మన ప్రయాణానికి ఎప్పుడూ ఒక పని ఉంటుంది, ఆ పని చివర ఎవరికో ఒకరికి వండిపెట్టడం ఉంటుంది. పని లేకుండా, ఎవరింటికీ కాకుండా, చూడాలనిపించి వెళ్లడం, అదీ ఇంట్లో వాళ్లకు మింగుడుపడనిది. భయం దొంగల గురించి కాదు. "ఎందుకు?" అంటే చెప్పడానికి జవాబు లేకపోవడం గురించి.

కొందరు సలహా ఇస్తారు, "బాసర మొక్కు ఉందని చెప్పి వెళ్లవమ్మా, గొడవుండదు" అని. నేనైతే ఆ సలహా ఇవ్వను. ఈసారి బాసరమ్మను అడ్డం పెట్టుకుంటే వచ్చేసారి ఇంకో దేవుణ్ని వెతుక్కోవాలి. పైగా మొక్కు అనగానే "అయితే అందరం పోదాం" అంటారు. ఉన్నమాట చెప్పడమే మంచిది. "చూడాలనుంది" అన్నది కూడా కారణమే.

ఇక అమ్మాయి చేసిన ప్రయాణం మాటకొస్తే, అది గొప్పదే కానీ దూరాలు చూస్తే మీకు నవ్వొస్తుంది. వియన్నా నుంచి బ్రాటిస్లావాకు రైల్లో గంట. రెండూ వేరు వేరు దేశాల రాజధానులు! వియన్నా నుంచి బుడాపెస్ట్‌కు మూడు గంటల లోపే. ప్రాగ్ నుంచి వియన్నాకు నాలుగు గంటల చిల్లర. మన నిజామాబాద్ నుంచి ఔరంగాబాద్ దాకా రైలు పట్టాల మీద సుమారు మూడు వందల యాభై కిలోమీటర్లు. అంటే ప్రాగ్ - వియన్నాలకు కాస్త అటూ ఇటూ. అమ్మాయికి జర్మనీలో ఉండే అనుమతి కార్డు ఉంటే ఆ నాలుగు దేశాల సరిహద్దులకు వేరే వీసా అక్కర్లేదు. తల్లికి అసలే అక్కర్లేదు, ఆధార్ కార్డు చాలు. అక్కడ దేశం దాటితే డబ్బు కూడా మారుతుంది. ఆస్ట్రియాలో, స్లొవేకియాలో యూరో, చెక్ దేశంలో కొరునా, హంగరీలో ఫోరింట్. మనకు బాసర దాటినా అదే రూపాయి.

భాష సంగతి చూడండి. పాపం ఆ పిల్లకు చెక్ రాదు, హంగేరియన్ రాదు. ఇంగ్లీషుతో నెట్టుకొచ్చి ఉంటుంది. డోంగ్లి, మద్నూరు, జుక్కల్ వైపు ఆడవాళ్లకు తెలుగుతో పాటు మరాఠీ అలవోకగా వస్తుంది. సంతకు దెగ్లూర్ పోయి బేరమాడే వాళ్లకు ఒకరు నేర్పాలా? హిందీ, ఉర్దూ చెవిన పడుతూనే ఉంటాయి. మూడు భాషలున్న మనిషి నాందేడ్‌లో తప్పిపోతుందా? ఈ విషయంలో కూతురి కంటే తల్లే గట్టిది.

మరి దారి ఏమిటంటారా? నిజం చెప్పాలంటే డోంగ్లి వాళ్లకు నాందేడ్ రోడ్డు మీదే దగ్గర. మద్నూరు మీదుగా వెళ్లే 161వ నంబరు జాతీయ రహదారి దెగ్లూర్, నర్సీ, నాయగావ్ దాటి నాందేడ్ చేరుతుంది. కానీ మనం వెళ్లేది రైలెక్కడానికి కదా. అందుకని పోయేటప్పుడు నిజామాబాద్ చుట్టు తిరిగి రైల్లో, వచ్చేటప్పుడు నాందేడ్ నుంచి బస్సులో రండి. వెళ్లిన దారినే తిరిగి రాకుండా ఒక చుట్టు పూర్తవుతుంది. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు చాలు.

మొదటి రోజు పొద్దున్నే బిచ్కుంద, బాన్సువాడ మీదుగా నిజామాబాద్ బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు కదా, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు కొట్టిస్తారు. నిజామాబాద్‌లో రైలెక్కండి. బాసర ముప్ఫై కిలోమీటర్లే. జానకంపేట, నవీపేట దాటాక గోదావరి వంతెన వస్తుంది. ఆ వంతెన మీద మాత్రం కిటికీ దగ్గరే ఉండండి. మీ వైపు నుంచి పారే మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసి, అక్కణ్నుంచి ఈ వంతెన కిందికే వస్తుంది. అంటే మీరు చూసే నీళ్లల్లో మీ ఊరి పక్క నీళ్లు కూడా ఉన్నాయన్న మాట.

ఈ రైలుమార్గం ఎప్పటిదో తెలుసా? నిజాం కాలంలో హైదరాబాద్ - గోదావరి లోయ రైల్వే అని వేశారు. హైదరాబాద్ నుంచి మన్మాడ్ దాకా 391 మైళ్ల మీటర్‌గేజి. 1899, 1901 మధ్య రైళ్లు మొదలయ్యాయి. బ్రాడ్‌గేజి తర్వాత వచ్చింది. అంటే మన ముత్తవ్వల కాలం నుంచీ రైలు ఆ దారిన పోతూనే ఉంది, మనమే ఎక్కలేదు.

బాసరలో ఆ రాత్రి ఉండిపోండి. స్టేషన్ నుంచి గుడికి ఆటోలుంటాయి. వసంత పంచమికి, దసరా నవరాత్రులకు మాత్రం వెళ్లొద్దు. అక్షరాభ్యాసాలకు వచ్చే జనంతో కాలు పెట్టే సందుండదు, గదులు దొరకవు. మామూలు రోజుల్లో సాయంత్రం గోదావరి ఒడ్డున ఊరికే కూర్చోవచ్చు. పిల్లల అక్షరాభ్యాసానికి వెళ్లినప్పుడు పలకా, బలపం, ఏడ్చే పిల్లాడు, ఇవి చూసుకోవడమే సరిపోయి ఉంటుంది మీకు. గుడి చూసి ఉండరు. ఈసారి చూడండి.

రెండో రోజు నాందేడ్. బాసర తర్వాత వచ్చే ధర్మాబాద్‌తో మహారాష్ట్ర మొదలవుతుంది. స్టేషన్ బోర్డు మీద అక్షరాలు మారతాయి కానీ ప్లాట్‌ఫారం మీద తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. తర్వాత ఉమ్రి, ముద్ఖేడ్, ఆ పైన నాందేడ్. రైల్వే వాళ్ల లెక్కలో ఈ స్టేషన్ పేరు హజూర్ సాహిబ్ నాందేడ్. టికెట్టు మీద అలా ఉంటే కంగారు పడకండి.

సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో ఇక్కడే కన్నుమూశారు. సిక్కుల అయిదు తఖ్తుల్లో ఇదొకటి. ఇప్పుడున్న కట్టడం పంజాబును ఏలిన మహారాజా రంజిత్ సింగ్ 1830లలో కట్టించినది. తలమీద కొంగు కప్పుకుని, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాలి. ఏ మతం వాళ్లయినా వెళ్లొచ్చు. దర్శనం తర్వాత లంగరుకు తప్పకుండా వెళ్లండి. వరసలో నేల మీద కూర్చుంటే రొట్టె, పప్పు వడ్డించుకుంటూ వస్తారు. రొట్టె రెండు చేతులూ చాచి అందుకోవాలి. డబ్బు అడగరు. మనకెంత విడ్డూరంగా ఉంటుందో! ఇంట్లో అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే మనం, అక్కడ కూర్చున్నచోటికే వేడి రొట్టె వస్తుంటే "ఇంకొకటి" అనడానికి మొహమాటపడతాం. మొహమాటపడకండి. తిన్నాక కావాలంటే వంటశాలలో రొట్టెలొత్తే ఆడవాళ్ల పక్కన కూర్చుని నాలుగు ఒత్తండి, ఎవరూ వద్దనరు. వద్దనుకుంటే ఒత్తకండి. అయిదు రోజులు పిండి ముట్టకూడదని ఒట్టు పెట్టుకుని బయల్దేరినా నేనేమీ అనను.

బస గురించి ఇక్కడే ఒక మాట. గురుద్వారా తరఫున యాత్రికులకు గదులున్నాయి. ఊళ్లో లాడ్జీలూ ఉన్నాయి. కానీ ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకు గది ఇవ్వడానికి వెనకాడే చోట్లు మన దేశంలో ఇంకా ఉన్నాయి. దిగాక, చీకట్లో, కౌంటరు దగ్గర నిలబడి ఆ మాట వినడం కంటే ముందే ఫోన్ చేసి, "నేను ఒక్కదాన్నే వస్తున్నాను, ఆధార్ ఉంది, గది ఇస్తారా?" అని సూటిగా అడగండి. ఇస్తామంటే ఆ చెప్పినవాళ్ల పేరు రాసుకోండి. స్టేషన్లలో రిటైరింగ్ రూములుంటాయి. రైలు టికెట్టు మీదుండే పీఎన్‌ఆర్ నంబరుతో ముందే బుక్ చేసుకోవచ్చు. కొత్త ఊళ్లో పొద్దుగూకక ముందే దిగేటట్టు రైలు చూసుకోవడం అన్నిటికంటే పెద్ద జాగ్రత్త. ఏ రైలు ఎప్పుడో 139కి ఫోన్ చేస్తే చెబుతారు.

మూడో రోజు ఔరంగాబాద్. 2023లో ఆ ఊరి పేరు ఛత్రపతి సంభాజీనగర్‌గా మార్చారు. రైళ్ల వివరాల్లో ఆ పేరే వెతకండి. నాందేడ్ నుంచి పొద్దున బయలుదేరి ముంబయి వెళ్లే తపోవన్ ఎక్స్‌ప్రెస్ పగటి బండి. కూర్చుని వెళ్లే బోగీలో సీటు రిజర్వు చేయించుకుంటే చాలు. పూర్ణ, పర్భణీ, సేలు, పర్తూర్, జాల్నా... దారి పొడవునా మీ ఊళ్లో ఉన్న నల్లరేగడే, అదే పత్తి, అదే కంది, అదే సోయా. చేలో పనిచేసే ఆడవాళ్లు చీర కట్టే తీరు మాత్రం మారుతుంది. చెప్పుకోదగ్గ దృశ్యాలేమీ లేవని కొందరంటారు. ఇతరుల చేను ఎలా ఉందో చూడ్డం కంటే రైతు ఇల్లాలికి వేరే దృశ్యం కావాలా?

ఔరంగాబాద్ అనగానే అందరూ బీబీ కా మఖ్బరా పేరు చెబుతారు. ఔరంగజేబు భార్య దిల్రస్ బాను బేగం సమాధి. తాజ్‌మహల్ లాగే ఉంటుంది, దానికంటే చిన్నది. చూడండి, బాగుంటుంది. కానీ నన్నడిగితే మనం చూడవలసింది పన్‌చక్కీ. నీళ్లతో తిరిగే పిండి మర అది. ఎక్కడో కొండల్లోని ఊటనీళ్లను నేలలో పాతిన మట్టి గొట్టాల గుండా తెచ్చి, ఎత్తు నుంచి కిందికి దూకించి, ఆ ఊపుతో విసుర్రాయి తిప్పారు. బాబా షా ముసాఫిర్ దర్గాకు వచ్చే బాటసారులకు, ఫకీర్లకు రొట్టెల పిండి దాంతో విసిరేవారట. మూడు వందల ఏళ్ల కిందటి ఆలోచన! ఆ కాలంలో మన ఇళ్లల్లో తెల్లవారుజామున విసుర్రాయి తిప్పిన చేతులను తలుచుకుంటే, "ఈ ఆలోచన ఇంటింటికీ ఎందుకు రాలేదో" అనిపిస్తుంది.

నాలుగో రోజంతా ఎల్లోరాకు. నగరం నుంచి ముప్ఫై కిలోమీటర్లు, సెంట్రల్ బస్‌స్టాండు నుంచి ఎస్టీ బస్సులున్నాయి. మహారాష్ట్ర ఎస్టీ బస్సుల్లో 2023 మార్చి నుంచి ఆడవాళ్లకు సగం టికెట్టే. ముప్ఫై నాలుగు గుహలు. పన్నెండు బౌద్ధులవి, పదిహేడు హిందువులవి, అయిదు జైనులవి. అన్నీ చూడాలని పరిగెత్తకండి. పదహారో నంబరు, కైలాసం, దానికి పూట కేటాయించండి. ఎనిమిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడి కాలంలో ఒకే కొండను పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. పునాది వేసి కట్టిన గుడి కాదు, శిఖరంతో మొదలుపెట్టి తీసిన గుడి. ఒక్క దెబ్బ తప్పితే అతికించడానికి వీల్లేదు. పక్కనే ఘృష్ణేశ్వరం, పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటి. పద్దెనిమిదో శతాబ్దంలో దాన్ని పునరుద్ధరించింది అహల్యాబాయి హోల్కర్. ఇంటికొచ్చాక అత్తగారికి ఈ ప్రసాదం పెడితే మొక్కు లేని ప్రయాణమని ఆవిడ మళ్లీ అనరు.

మరిచేపోయాను, శనివారం బయల్దేరకండి. శకునం కాదు! శనివారం బయల్దేరితే నాలుగో రోజు మంగళవారం అవుతుంది, మంగళవారం ఎల్లోరా మూసి ఉంటుంది. అజంతాకు సెలవు సోమవారం. అది దూరం కాబట్టి ఈసారికి వదిలేయండి.

పైఠణీ చీరల దుకాణంలోకి వెళ్లి చూసి రావడానికి డబ్బేమీ పెట్టక్కర్లేదు. అసలు పైఠణీ చేతిమగ్గం మీద నేసింది, పట్టు, జరీ. వెల కూడా అలాగే ఉంటుంది. చవగ్గా ఇస్తామంటే అది మరమగ్గానిదని తెలుసుకోండి. పైఠణ్ అంటే మన శాతవాహనుల ప్రతిష్ఠానపురమే.

అయిదో రోజు పొద్దున రైలెక్కి నాందేడ్, అక్కణ్నుంచి బస్సులో దెగ్లూర్, మద్నూరు, ఇల్లు. సరిహద్దు దాకా సగం టికెట్టు, ఇవతల ఆర్టీసీ బస్సు పట్టుకుంటే సున్నా.

ఇక చట్టం మన వైపు ఎంతవరకు ఉందో తెలుసుకోండి. ఎవరైనా "ఆడమనిషి, ఒక్కతే" అని గదమాయిస్తే పనికొస్తుంది. 1989 రైల్వే చట్టం ప్రకారం ప్రతి ప్రయాణికుల రైల్లో ఆడవాళ్లకు కొంత చోటు ప్రత్యేకంగా ఉంచాలి. ఆ బోగీలోకి మగవాళ్లు ఎక్కితే జరిమానా వేయొచ్చు, దించేయొచ్చు. అదే చట్టంలో 139వ సెక్షన్ ఒకటుంది. మగతోడు లేని ఆడమనిషి దగ్గర టికెట్టు లేకపోయినా సరే, ఆమెను ఎక్కడపడితే అక్కడ, అర్ధరాత్రి దించడానికి వీల్లేదు. ఎక్కిన స్టేషన్‌లో, జంక్షన్‌లో, బండి ఆఖరి స్టేషన్‌లో, లేదా జిల్లా కేంద్రంలో మాత్రమే దించాలి. అదీ పగటిపూట. టికెట్టు లేకుండా ఎక్కమని చెప్పడం లేదు సుమా! తప్పు బండి ఎక్కామని కంగారుపడి చీకటి స్టేషన్‌లో దూకేవాళ్ల కోసం చెబుతున్నాను.

మనం పగటి బళ్లే పెట్టుకున్నాం కాబట్టి బెర్తు గొడవ లేదు. ఎప్పుడైనా అజంతా ఎక్స్‌ప్రెస్ లాంటి రాత్రి బండి తప్పనిసరైతే, స్లీపర్‌లో ఆడవాళ్ల కోటా అని ఆరు బెర్తులుంటాయి. అడిగి వేయించుకోండి. నలభై అయిదు దాటిన ఆడవాళ్లకు ఖాళీ ఉంటే కింది బెర్తే వస్తుంది. వయసు తగ్గించి రాస్తే మీకే నష్టం. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లను పలకరించి కనిపెట్టి ఉండడానికి రైల్వే పోలీసులు 2020లో 'మేరీ సహేలీ' అని మొదలుపెట్టారు. ప్రయాణంలో ఇబ్బంది ఏదైనా 139కే ఫోన్. ప్రాణం మీదికొస్తే 112.

పుస్తెలతాడు సంగతి. నల్లపూసలు, పసుపుతాడు వేసుకుని బంగారం ఇంట్లో పెట్టి వెళ్లండి. అత్తగారు అభ్యంతరం చెబితే ఆవిడ చేతికే ఇచ్చి భద్రం చేయమనండి, గౌరవం దక్కుతుంది, భద్రతా దక్కుతుంది. బండి కదిలేటప్పుడు కిటికీ లోంచి చెయ్యి పెట్టి గొలుసు తెంచే వాళ్లుంటారు. స్టేషన్‌లో ఆగినప్పుడల్లా అద్దం దించుకోవాలి. డబ్బు మూడు చోట్ల దాచండి. మెత్తగా మాట్లాడి టీ, బిస్కెట్టు ఇస్తామనేవాళ్లకు "ఉపవాసం" అనండి. మన దగ్గర ఈ ఒక్క మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు.

ఇంటి సంగతి చెప్పకుండా ఈ పేజీ ముగియదు. చాలామంది చేసే పని ఏమిటంటే, అయిదు రోజుల కూరలు వండి ఫ్రిజ్‌లో సర్ది, రాత్రి రెండింటి దాకా మేలుకుని, అలిసిపోయి రైలెక్కుతారు. సగం ప్రయాణం నిద్రలో పోతుంది. అలా చేయకండి. బియ్యం ఎంత, నీళ్లెంత, పప్పు కుక్కర్‌లో ఎన్ని కూతలు, ఇవి ఒక కాగితం మీద రాసి గ్యాస్ పొయ్యి వెనక గోడకు అతికించండి. ఒక ఆదివారం ముందు ఆ కాగితం చూసి భర్త చేతో, కొడుకు చేతో వండించండి. మీరు వసారాలో కూర్చోండి. లోపలికి వెళ్లొద్దు. మాడితే మాడనివ్వండి. పాలవాడి లెక్క, గ్యాస్ నంబరు, అత్తగారి బీపీ మాత్రల వేళ ఇంకో కాగితం మీద. ఫోన్ మాత్రం రాత్రి ఎనిమిదింటికి ఒక్కసారే అని ఒప్పందం చేసుకోండి. లేకపోతే కైలాస గుడి ముందు నిలబడి "జీలకర్ర రెండో అరలో ఎడమపక్క" అని చెబుతూ ఉంటారు.

డబ్బు కూడా మీదే అయితే మాట సులువవుతుంది. పాల డబ్బులో, సంఘంలో పొదుపులో, ఆర్నెల్లు కొంచెం కొంచెం పక్కన పెట్టండి. అడిగి తీసుకున్న డబ్బుతో వెళ్తే తిరిగొచ్చాక లెక్క చెప్పాలి. మీ డబ్బుతో వెళ్తే చూసినవి చెప్పొచ్చు.

ఆడవాళ్ల ప్రయాణం ఇప్పుడు పుట్టిన వింత కాదు. పోతం జానకమ్మ అనే తెలుగావిడ 1873లోనే ఓడెక్కి ఇంగ్లండు చూసొచ్చి తెలుగులో రాసింది. అది 1876లో మద్రాసులో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. నాందేడ్ ఎంత చెప్పండి!

అమ్మాయి యూరప్‌లో పాస్ కొనుక్కుని బళ్లు మారి ఉండొచ్చు. 1959 నుంచి అక్కడ విదేశీయులకు యూరెయిల్ అని, 1972 నుంచి అక్కడ ఉండేవాళ్లకు ఇంటర్‌రెయిల్ అని పాసులున్నాయి. మన రైల్వేలో కూడా చుట్టుప్రయాణపు టికెట్టు ఉంది. బయల్దేరిన స్టేషన్‌కే తిరిగొచ్చేటట్టు దారి రాసిస్తే, మధ్యలో ఎనిమిది చోట్ల దాకా దిగి మళ్లీ ఎక్కొచ్చు. ఈ చిన్న ప్రయాణానికి అదక్కర్లేదు. వచ్చే ఏడాది కాశీ, ప్రయాగ అనిపిస్తే స్టేషన్‌లో అడగండి. 2024 నవంబరు నుంచి రిజర్వేషను అరవై రోజుల ముందే ఇస్తున్నారు. ఫారం మీరే నింపండి. పిల్లల చేత ఫోన్లో కొట్టించినా పక్కన కూర్చుని చూడండి, వచ్చేసారికి పనికొస్తుంది.

చివరగా దారి బువ్వ. మీ వైపు జొన్నరొట్టెను పలచగా తట్టి, సన్నని సెగ మీద కరకరలాడేదాకా కాల్చి, చల్లారాక గుడ్డలో చుట్టి పెడితే వారమైనా చెడదు. దానికి తోడు పల్లీకారం. కప్పు పల్లీలు దోరగా వేయించి పొట్టు తీయండి. ఏడెనిమిది ఎండుమిర్చి, అర చెంచా జీలకర్ర నూనె లేకుండా వేయించి, ఉప్పు వేసి దంచాక పల్లీలు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు వేసి కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీలో వేస్తే ఒక్క తిప్పు చాలు, ఎక్కువైతే నూనె వదిలి ముద్దవుతుంది. గాజు సీసాలో వద్దు, స్టీలు డబ్బాలో పెట్టుకోండి. రొట్టెలు రెండు ఎక్కువే కట్టుకోండి. పర్భణీ దాటాక ఎదురు సీట్లో మరాఠీ వదిన తన డబ్బా తెరిచి ఠేచా తీస్తుంది, "కుఠే చాల్లాత్?" అని అడుగుతుంది. ఎక్కడికని అడిగింది కదా, ఔరంగాబాద్ అని చెప్పండి. ఎవరింటికి అని అడిగితే ఏం చెప్పాలో అప్పటికి మీకే తెలుస్తుంది.